స్టాప్‌వాచ్ ఒక్కటే చాలదు

మాక్లూర్ మండల సర్పంచులకు, పీఈటీ సార్లకు, తల్లిదండ్రులకు విన్నపం.

తెల్లవారుజామున నాలుగింటికి దాస్‌నగర్ దిక్కు వెళ్లి చూడండి. చీకట్లో రోడ్డు పక్కన పిల్లలు ఉరుకుతుంటారు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఉరికితే 60 మార్కులు, పుల్‌అప్స్ పది తీస్తే 40. వాళ్లకు తెలిసిన లెక్క అంతే. నిన్న టైం దాటింది కాబట్టి ఇయ్యాల ఇంకా గట్టిగా ఉరుకుడు.

మా చిన్నాయన కొడుకు అట్లనే ఉరికిండు. అరిగిన బూట్లతో, తారురోడ్డు మీద, రోజూ. మోకాలి కింద ఎముక గుంజుతుంటే బామ్ రాసుకుని మళ్లీ ఉరికిండు. ర్యాలీ ఇరవై రోజులుందనగా ఎముకకు సన్న చీలిక వచ్చిందన్నాడు డాక్టర్. వయసు లెక్కన వాడికి అదే ఆఖరి ఏడాది. ఆ నొప్పిని ఒక్కరోజైనా ఎవరం రాసిపెట్టలేదు.

నిజాంసాగర్ కాలువ కింద చివరి మడికి నీళ్లు రాకపోతే ఆ మడిని తిట్టం. గట్టు తెగిందా, తూము పూడిందా అని కాలువ వెంట పైకి నడుచుకుంటూ పోతాం. ఒక్క ముక్కను కాక మొత్తాన్ని చూసే సిస్టమ్స్ ఇంజినీరింగ్ అంటే ఈ చూపే. ఉరికే ఒంటినీ ఇట్లనే చూడాలి. ఢిల్లీలో డీఆర్‌డీవో వారి డిపాస్ సంస్థ 1962 నుంచి ఎండ, చలి, ఎత్తైన కొండలు సైనికుడి ఒంటిని ఏం చేస్తాయో కొలుస్తున్నది. బూట్లు, తుపాకీ, వీపు మీది బరువు, తిండి, నిద్ర అన్నీ కలిపి సైనికుణ్ణి ఒకే వ్యవస్థగా లెక్కగట్టే పద్ధతి సైన్యాల్లో ఉంది. రాత్రి పదకొండు దాకా పసుపు ఉడకబెట్టి నాలుగింటికి లేచిన మన పిల్లవాడి లెక్క ఎవరు కడుతున్నారు?

ప్రతి పిల్లవాడికీ, ఆడపిల్లకూ ఒక నోటుబుక్ పెట్టండి. లేవగానే నాడి ఎంత, ఎన్ని గంటలు పడుకున్నారు, ఎంత దూరం ఉరికారు, ఎక్కడ నొప్పి. పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించండి. రక్తం తక్కువున్న ఒంటిని ఎంత ఉరికించినా దమ్ము రాదు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పంచాయతీ హైస్కూల్ గ్రౌండ్‌లో మట్టి ట్రాక్ వేయించాలి. పీఈటీ సారు వారం వారం బుక్కులు ముందేసుకుని ఎవరికి పెంచాలో, ఎవరిని ఆపాలో చెప్పాలి. ఆపమన్న రోజు ఇంట్లో వాళ్లు ఆపాలి. అగ్నివీర్‌గా ఎంపికైనా నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరినే సైన్యం ఉంచుకుంటది, మిగతా ముగ్గురూ ఆ కాళ్లతోనే ఊరికి రావాలి.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి హైస్కూల్ గ్రౌండ్‌కు రండి. పిల్లల బూట్లు కూడా తెండి. అడుగు ఎటువైపు అరిగిందో చూసి బుక్కులో మొదటి పేజీ అక్కడే రాద్దాం.