డీలరు దగ్గర బ్లఫ్ చెల్లదు!

సినిమాలో పేకాట అంటే మనకి తెలిసిన సీను ఒకటే. హీరో ముక్కలు ముట్టుకోడు, నింపాదిగా పొగ వదులుతాడు. విలన్ నుదుట చెమట. ఆఖర్న హీరో తిప్పితే మూడు ఆసులు... హాలంతా ఈలలు! 2006లో వచ్చిన బాండు చిత్రం 'కాసినో రాయల్'లోనూ ఎదుటివాడి మొహం చదవడమే అసలు పందెం.

ఈ విద్య మన గోదావరి కుర్రాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన, గుండాట బల్లకి అవతల, మూడు ముక్కలాట చూడనివాడు భీమవరం చుట్టుపక్కల అరుదు. చేతిలో ఏమీ లేకపోయినా బ్లైండు మీద బ్లైండు కొట్టి ఎదుటివాణ్ణి పారిపోయేట్టు చేసేవాడే అక్కడ మొనగాడు. చిక్కేమిటంటే, ఆ మొనగాడే పండగ డబ్బులు జేబులో వేసుకుని గోవా వెళతాడు. పణజి దగ్గర మాండవి నదిలో ఉన్న కాసినో ఓడెక్కి, త్రీ కార్డ్ పోకర్ బల్ల చూసి, "ఓస్! మన మూడు ముక్కలే కదండీ!" అంటాడు.

చుట్టరికం నిజమే. 1994లో డెరెక్ వెబ్ అనే ఇంగ్లండు ఆయన అక్కడి మూడు ముక్కల 'బ్రాగ్' ఆటని మార్చి దీన్ని తయారుచేశాడు. కానీ ఇక్కడ పక్కవాడితో మీకు పని లేదు. మీరూ, డీలరూ... అంతే.

ముందు 'ఆంటీ' పందెం కాయాలి. (చుట్టాలావిడ కాదు లెండి!) మీకు మూడు ముక్కలు, డీలరుకు మూడు. మీవి చూసుకుని, నచ్చకపోతే పడేయండి, ఆంటీ పోతుంది. నచ్చితే మరో అంత కాయండి. అప్పుడు డీలరు తన ముక్కలు తిప్పుతాడు. కనీసం రాణి లేకపోతే అతను ఆటలో లేనట్టే. ఆంటీకి ఆంటీ ఇస్తాడు, రెండో పందెం ఊరికే వాపసు. రాణీ, అంతకు పైనా ఉంటే, మీది పెద్దదైతే రెంటికీ సమానంగా ఇస్తాడు. మీది చిన్నదైతే రెండూ పోయాయి.

చూశారా మెలిక? మీరు ఎంత దర్జాగా పందెం కాసినా డీలరు పారిపోడు. అతనికి భయం లేదు, సొంత డబ్బు లేదు, నిర్ణయమే లేదు. ఎవరి మొహం చదువుతారు? చూడకుండా ప్రతి ఆటా ఆడితే నూరు రూపాయల ఆంటీ మీద కాసినోవాడికి సగటున 7 రూపాయల 65 పైసలు మిగులుతుంది. లెక్కప్రకారం ఆడితే 3 రూపాయల 37 పైసలు. అయిదు వందల ఆంటీతో గంటకు నలభై ఆటలు ఆడారనుకోండి, సగటున గంటకు ఆరు వందల డెబ్భై పైచిలుకు. అదీ తెలివిగా ఆడినవాడికి!

ఆ లెక్క ఒక్క ముక్కలో: రాణి, ఆరు, నాలుగు. అంతకు తక్కువైతే పడేయడం, సమానమైనా ఎక్కువైనా ఆడటం. రాజో ఆసో ఉంటే కింది ముక్కలు చూడక్కర్లేదు. జత ఉంటే అడగనే అక్కర్లేదు. జాకీ పెద్దముక్కగా వచ్చి జతా, కలరూ, సీక్వెన్సూ ఏదీ లేదా, ఆంటీ మీద ఆశ వదులుకోండి.

ఇంకో తేడాకి మనవాళ్ళు ఒప్పుకోరు. మన ఆటలో మూడు ఆసుల్ని మించింది లేదు. అక్కడ ఒకే కలరు సీక్వెన్సు దానికంటే పెద్దది! కారణం ఉంది. పేకలోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు. మూడూ ఒకే అంకె వచ్చేవి 52, ఒకే కలరు సీక్వెన్సులు 48. అరుదైనదే పెద్దది. మనం నెత్తిన పెట్టుకునే ఆసు-రెండు-మూడు అక్కడ సీక్వెన్సులన్నింట్లో చిన్నది.

ఇదంతా గోవా మాట. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పున్న ఆటగా ఒప్పుకుంటూ, మూడు ముక్కలాటని మాత్రం ఒట్టి అదృష్టపు ఆటల్లో వేసింది. మన మొనగాళ్ళు ఆ తీర్పు చదివితే చిన్నబుచ్చుకుంటారు!

అదే బల్లమీద 'పెయిర్ ప్లస్' అని పక్క పందెం ఉంటుంది. డీలరు ముక్కలతో సంబంధం లేదు, మీకు జత పడితే చాలు. దాదాపు నాలుగాటలకొకసారి పడుతుంది. కూర్చునే ముందు బల్లమీది రేటు చదవండి. సాధారణంగా కనిపించే రెండు రేట్లకీ తేడా కలరు దగ్గరే. కలరుకి నాలుగింతలిచ్చే బల్ల నూటికి 2 రూపాయల 32 పైసలు ఉంచుకుంటుంది. మూడింతలే ఇచ్చేది 7 రూపాయల 28 పైసలు.