ప్రొఫైలు ఫైలును విద్యార్థులే వ్రాసికొనవలయును

యూనిక్సు జాతి యంత్రములయందు విద్యార్థి టెర్మినలు ముందు కూర్చుండి తన పేరును, రహస్యపదమును టైపు చేసిన పిమ్మట, యంత్రము ఆజ్ఞలకు సిద్ధముగా నున్నదను గుర్తు కనబడువఱకు నొక రెప్పపాటు గడచును. ఆ లోపల యంత్రము విద్యార్థి పేర నున్న యొక చిన్న ఫైలును తెఱచి, అందలి ఆజ్ఞలను వరుసగా నెరవేర్చును. ఆ ఫైలును వ్రాయవలసిన వారెవరు? ఉపాధ్యాయులే సిద్ధపఱచి యిచ్చి, విద్యార్థులు దానిని ముట్టకుండ కట్టుబాటు చేయుట మేలని కొందఱందురు. మేము వారితో నేకీభవింపజాలము.

ముందుగా ఆ ఫైలెట్లు పుట్టినదో తెలిసికొందము. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సును నిర్మింప నారంభించిరి. నాడు టెర్మినలనగా కాగితముపై నచ్చువేయు టెలిటైపు. కాగితముపై పడిన యక్షరము చెఱుగదు గనుక, తప్పక్షరము కొట్టివేయబడినదని యంత్రమునకు తెలుపుటకు హ్యాష్ గుర్తును వాడిరి. పిమ్మట తెరలుగల టెర్మినళ్లు వచ్చెను. 1978లో వెలువడిన వి.టి.100 వానిలో మిగుల ప్రసిద్ధము. ఒక్కొక్క టెర్మినలునకు నొక్కొక్క వాడుక యుండుటచే, దాని జాతి యేదో, తప్పు తుడుచు మీట యేదో యంత్రమునకు ముందుగా తెలుపవలసివచ్చెను. జాతిని టెర్మ్ అను పేరున తెలుపుదురు, మీటను ఎస్.టి.టి.వై. అను ఆజ్ఞతో కుదుర్తురు. ప్రతిసారియు నీ మాటలను టైపు చేయనక్కఱలేకుండ, 1979 నాటి బోర్న్ షెల్లు ప్రొఫైలు అను ఫైలును చదువజొచ్చెను. దాని పేరునకు ముందొక చుక్క యుండుటచే సాధారణమైన జాబితాలో నది కనబడదు. నేడు టెలిటైపులు పోయి, తెరపై తెఱచుకొను కిటికీయే టెర్మినలైనను, ఆ ఫైలు మాత్రము నిలిచియున్నది.

ఒక్క యక్షరము తప్పినను పని చెడునని ప్రతిపక్షులు చెప్పుదురు. అది నిజమే. ఒక విద్యార్థి తన డైరెక్టరీని పాత్ అను జాబితాలో చేర్చదలచి, పాతజాబితాను విడిచి తన దానినే వ్రాసెను. మఱల ప్రవేశించి యే యాజ్ఞ నిచ్చినను, అట్టి యాజ్ఞ కానరాదనియే యుత్తరము వచ్చెను. బాలుడు కంట నీరు పెట్టుకొనెను. ఉపాధ్యాయుడు తాను దిద్దక, ఆజ్ఞయుండు డైరెక్టరీతో సహా దాని పూర్తిపేరు టైపు చేయుమనెను. ఆజ్ఞ పనిచేసెను! ఆజ్ఞలు పోలేదనియు, వానిని వెదకు దారియే పోయినదనియు బాలునికి బోధపడెను. పావుగంటలో తన ఫైలును తానే దిద్దుకొనెను. ఉపాధ్యాయుడు వ్రాసియిచ్చిన ఫైలు వాని కీ పాఠము నేర్పియుండునా?

మఱియు, విద్యార్థి తప్పు వానికే చెందును. అందఱికిని వర్తించు ఫైలు ఎట్సీ అను డైరెక్టరీలో వేఱుగా నున్నది; అది యధికారి చేతనే యుండవలయును. మా కోరిక యంతవఱకు పోదు.

అయినను స్వేచ్ఛకు జాగ్రత్త తోడు కావలయును. దిద్దకముందు పాతఫైలునకు నకలు తీసియుంచవలయును. ప్రవేశించియున్న టెర్మినలును మూయక, మఱియొక దానినుండి ప్రవేశించి పరీక్షింపవలయును. టెర్మినలు లేనిచోట ఎస్.టి.టి.వై. పనిచేయదు గనుక, అది యున్నదా యని విచారించిన పిదపనే యా యాజ్ఞ నడుచునట్లు వ్రాయవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, అర్థము తెలియని పంక్తిని పరుల ఫైలునుండి యెత్తి వ్రాయరాదు. ఆ పంక్తి యేమి చేసినను విద్యార్థి పేరనే చేయును.

తలిదండ్రులకు మా విన్నపమొకటి. మీ బిడ్డ యింటికివచ్చి, ఫైలు చెడగొట్టుకొంటినని చెప్పినయెడల కోపింపక, ఏ పంక్తిలో తప్పు దొరకినదో యడుగుడు. ఆ పంక్తిని చూపి కారణము చెప్పగలిగినచో, ఆ దినము వాడు బడిలో కాలము వృథాపుచ్చలేదని నమ్ముడు.