మంచుగోడలు, రాతిగుండెలు

ఒక పేరు వ్రాసిన చిన్న కాగితపుముక్కను తమ శిరస్త్రాణములపై అంటించుకొందుమని క్రీడాకారులు కోరిరి. వలదని అధికారులు శాసించిరి. ఇది 2014 ఫిబ్రవరి నెలలో రష్యాదేశమందలి సోచిలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడల నాటి ముచ్చట. ఆ పేరు సారా బర్క్. ఆమె అప్పటికి రెండేండ్ల క్రిందటనే గతించినది. ఇంత చిన్న విషయమును గూర్చి యింత చర్చ యేలయని కొందఱు పాఠకులు అడుగవచ్చును. పెద్ద సంస్థల హృదయము బయటపడునది చిన్న విషయములందే యని మా సమాధానము.

ముందుగా ఆ క్రీడ యెట్టిదో తెలియవలెను. పీపాను నిలువునా రెండుగా చీల్చి ఒక సగమును కొండవాలున పరుండబెట్టినట్లు మంచుతో ఒక పెద్ద తొట్టిని తీర్చెదరు. దానినే హాఫ్‌పైపు అందురు. ఇరువైపుల గోడలు 22 అడుగుల యెత్తు. క్రీడాకారుడు కాళ్లకు స్కీలు కట్టుకొని ఒక గోడ దిగి, రెండవ గోడ నెక్కి, దాని యంచు దాటి ఆకాశమున కెగిరి, అచట గిరికీలు కొట్టి, మరల ఆ గోడమీదనే పాదము మోపవలెను. యెత్తును, కష్టమును, దిగుటలోని నేర్పును చూచి న్యాయనిర్ణేతలు అంకెలు వేయుదురు. జానెడు తప్పినచో దొరకునది మెత్తని మంచు కాదు, రాయివలె గడ్డకట్టిన మంచు.

సారా బర్క్ 1982లో కెనడాదేశమున ఒంటారియో రాష్ట్రమందలి బారీ పట్టణమున జన్మించెను. ఆమె యీ క్రీడలో అడుగిడిన దినములలో స్త్రీలకు ప్రత్యేకముగా పోటీలే లేని చోట్లు పెక్కు. లేవని యామె యింట కూర్చుండలేదు. పురుషుల పోటీలలోనే దిగెను. 2005లో ఫిన్లాండుదేశమందలి రూకాలో జరిగిన ప్రపంచ పోటీలలో హాఫ్‌పైపు విజేత యయ్యెను. అమెరికాలో ఆస్పెన్ నగరమున జరుగు ఎక్స్ గేమ్స్ పోటీలలో 2007, 2008, 2009 సంవత్సరములందు వరుసగా సువర్ణపతకములు గైకొనెను. 2009లోనే వేఱొక పోటీయందు వెన్నుపూస విఱిగినది. ఆ వెన్నుతోనే మరల లేచి 2011లో నాలుగవ సువర్ణపతకమును సంపాదించెను. గాలిలో మూడు పూర్తి చుట్లు తిరిగి పోటీలో నిలువదిగిన మొదటి స్త్రీ యామెయే.

అయినను ఆమె నిజమైన పోటీ మంచుగోడలతో కాదు. 1998లో జపానుదేశపు నాగానో క్రీడలనుండి ఒలింపిక్కులలో హాఫ్‌పైపు కలదు. కాని అది స్నోబోర్డుపై నిలిచినవారికి మాత్రమే. స్కీలు కట్టినవారికి ఆ గోడలయొద్ద ప్రవేశము లేదు. ఈ అన్యాయమును తొలగింపుడని యడుగుచు ఏండ్ల తరబడి అధికారుల చుట్టు తిరిగి వాదించినవారిలో అగ్రగణ్య సారా బర్క్. 2011 ఏప్రిలులో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము అంగీకరించెను. స్త్రీలు, పురుషులు ఒకేసారి, ఒకే క్రీడలలో ప్రవేశించిరి.

ఈ తుదివాక్యము బరువు తెలియవలెనన్న వేఱొక క్రీడవైపు చూడుడు. స్కీలపై కొండనుండి దూకు పోటీ పురుషులకు 1924లోనే ఒలింపిక్కులలో చేరినది. స్త్రీలకు చేరినది 2014లో. తొంబదియేండ్లు! 2009లో ఆ క్రీడాకారిణులు కెనడాదేశపు న్యాయస్థానమును ఆశ్రయింపగా, వివక్ష జరుగుట నిజమే, కాని ఒలింపిక్ సంఘమును ఆజ్ఞాపించు అధికారము మాకు లేదని న్యాయాధిపతి పలికెను. న్యాయస్థానమే ఆజ్ఞాపింపజాలనన్న సంస్థ యెదుట నిలిచి యొక క్రీడాకారిణి తన తోటివారికై ద్వారము తెఱపించుట సామాన్యకార్యమా?

ద్వారము తెఱవబడినది. తెఱపించినయామె లోనికి పోలేదు. 2012 జనవరి 10వ తేదీన అమెరికాలోని యూటా రాష్ట్రమున పార్క్ సిటీ కొండలయందు అభ్యాసము చేయుచు ఆమె పడిపోయెను. మెడలోని రక్తనాళము తెగి, గుండె ఆగి, ప్రాణవాయువు అందక మెదడు చెడిపోయెను. ఆ నెల 19వ తేదీన, ఇరువదితొమ్మిదవ యేట, ప్రాణములు విడిచెను. ఆమె అవయవములు దానము చేయబడినవి.

అటుపిమ్మట జరిగినదానిని పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. ఆ అభ్యాసమును ఏర్పాటు చేసినది క్రీడాసంఘము కాదు, సరకులమ్ము వ్యాపారసంస్థ. కావున క్రీడాసంఘపు బీమా వర్తింపదనిరి. అమెరికా వైద్యశాలలో లెక్క లక్షల డాలర్లకెక్కినది. అది కుటుంబముపై పడునని తెలిసినంతనే ఎక్కడెక్కడి జనులో తమకు తోచినంత పంపిరి. ముఖమైన చూడనివారు ఋణము తీర్చిరి. ఇది జనుల గౌరవము, సంస్థల యవమానము.

ప్రాణాపాయకరమగు క్రీడను తామే కోరి ఆడువారు ఫలమును తామే అనుభవింపవలెనని కొందఱందురు. ఈ వాదమునకు మేము జంకము. అపాయమును ఆమె యెఱిగియే స్వీకరించెను. కాని మేమడుగునది వేఱు. అభ్యాసము లేక పతకము కలదా? అభ్యాసదినమున ఆమె ఒంటరి. పతకదినమున ఆమె దేశపు బిడ్డయా? గెలుపులో వాటా కోరువాడు గాయములో వాటాకు వెనుదీయుట న్యాయము కాదు.

ఇక కాగితపుముక్క సంగతి. ఒలింపిక్ సంఘము దానిని రాజకీయప్రకటనగా ఎంచుచున్నదని ఆస్ట్రేలియా క్రీడాకారిణి టోరా బ్రైట్ బహిరంగముగా తెలిపెను. పోటీస్థలము దుఃఖప్రదర్శనకు తగినది కాదని సంఘపు ప్రతినిధి సెలవిచ్చెను. ఒకరికి అనుమతించిన పదిమంది అడుగుదురు, హద్దెక్కడ యని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సహేతుకమే. కాని ఆ సంఘపు నియమములే క్రీడాకారుని శిరస్త్రాణముపై, స్కీలపై, దుస్తులపై వానిని తయారుచేసిన సంస్థ గుర్తునకు కొలతపెట్టి స్థలమిచ్చుచున్నవి. అంగడివాని గుర్తుకు హద్దు గీయనేర్చిన చేతులకు చనిపోయిన సోదరి పేరునకు హద్దు గీయరాకపోయెనా? వస్తువును చేసినవాని కున్న చోటు క్రీడను తెచ్చినదానికి లేకపోయెనా? మరణించిన చెలికత్తెను తలచుట రాజకీయమైనచో, తలంపరాదని శాసించుట మఱేమి?

శాసనము హృదయమును కట్టజాలదు. ఫిబ్రవరి 20వ తేదీన స్త్రీల తుదిపోటీ జరిగినది. దానికి ముందు మంచును చదునుచేయు పనివారు ఆ తొట్టిలోనికి జాఱుచు వచ్చి హృదయాకారమున వరుసదీరిరి. వారికి పతకములు లేవు, పదవులు లేవు. పెద్దలకు తోచని మర్యాద వారికి తోచినది. ఆ దినమున అమెరికా యువతి మాడీ బోమన్ సువర్ణమును, ఫ్రాన్సు వనిత మారీ మార్టినో రజతమును, జపాను యువతి అయానా ఒనోజుకా కాంస్యమును పొందిరి. మార్టినో క్రీడను విడిచి గృహస్థురాలై యుండగా, మరల రమ్మని ప్రోత్సహించినది సారాయే. నాలుగేండ్లకు, 2018లో, కెనడాదేశపు కాసీ షార్ప్ అదే క్రీడలో సువర్ణము గెలిచెను. సారా నాటిన చెట్టు ఆమె దేశముననే పండినది.

మా కోరిక లెక్కువ కావు. క్రీడాకారుని పేరుతో కీర్తి పొందు ప్రతి సంఘమును, ఏర్పాటు ఎవరిదైనను, అతని అభ్యాసదినములకు కూడ బీమా కల్పింపవలెను. సరకులమ్ముకొనుటకై అతనిని గోడలెక్కించు వ్యాపారి, అతడు పడిన దినమున వైద్యశాల గుమ్మమున నిలువవలెను. మృతులను గౌరవించు నిరాడంబరమైన గుర్తును అనుమతించుటకు నియమమొకటి వ్రాయవలెను.

ఇవి భిక్షలు కావు, ఋణములు. సారా బర్క్ బ్రదికియున్నచో వీనికై మరల అధికారుల చుట్టు తిరిగియుండును. ఆమె లేదు. ఆమె తెఱపించిన ద్వారమున లోనికి నడచి పతకములు ధరించినవారు కలరు. ఆ పతకములను తమ కీర్తిగా లెక్కవేసికొను సంఘములు కలవు. అడుగవలసినవారు వారు, చెల్లింపవలసినవారు వీరు.