టవరు దూరమైతే ముప్పు దూరమగునా?

గుర్రంకొండ: ఇళ్ల నడుమ సెల్ టవరు నిర్మాణం తలపెట్టగానే క్యాన్సరు సోకుతుందని, పుట్టబోయే బిడ్డలకు జన్యులోపాలు కలుగుతాయని పల్లెల్లో ఆందోళన మొదలవుతుంది. స్థలమిచ్చిన యజమానికి అద్దె, ఇరుగుపొరుగుకు భయం అన్నట్లుంటుంది పరిస్థితి. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తగదు. అలాగని టవరును తరిమితే రేడియేషన్ బెడద తీరుతుందనుకోవడమూ పొరపాటే.

టవరు వెలువరించే సూక్ష్మతరంగాలకు ఎక్స్‌రేల వలె డీఎన్‌ఏ బంధాలను నేరుగా తెంచే శక్తి లేదు. మోతాదు మించితే శరీర కణజాలం వేడెక్కడమే వీటివల్ల రూఢియైన హాని. అయినా వివాదం సమసిపోలేదు. ఎలుకల మెదడు కణాల్లో డీఎన్‌ఏ పోగులు తెగినట్లు 1995లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు హెన్రీ లాయ్, ఎన్.పి.సింగ్ ప్రకటించగా, అనంతరం మరో పరిశోధక బృందం అదే ఫలితాన్ని రాబట్టలేకపోయింది. ఈ తరంగాలను ‘క్యాన్సరు కారకాలు కావచ్చు’ అనే 2బి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో చేర్చింది. 2018లో అమెరికా ప్రభుత్వ అధ్యయనంలో మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయి. కాగా వాటిపై రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లపాటు, శరీరమంతటికీ, అధిక మోతాదులో తరంగాలను ప్రసరింపజేశారు. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో తేల్చింది.

గుర్రంకొండ వంటి కొండల సీమకు వర్తించే అసలు విషయం వేరే ఉంది. టవరు దూరమైనా, నడుమ కొండ అడ్డమైనా సంకేతాలు అందుకోవడానికి ఫోను తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. ఆ ఫోను ఉండేది చెవి పక్కనే. ఊరవతలికి టవరును నెట్టిన గ్రామస్థులు తలకు తాకే తరంగాలను తామే పెంచుకున్నట్లు కావచ్చు. యాంటెన్నా ప్రసారం ప్రధానంగా అడ్డంగా సాగుతుంది కనుక టవరు కిందనున్న ఇంటికన్నా, దానికెదురుగా అదే ఎత్తులో సమీపాననున్న మేడనే ముందుగా పరీక్షించాలి.

టవర్ల రేడియేషన్ పరిమితిని కేంద్రం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు కుదించింది. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు చదరపు మీటరుకు 4.5 వాట్ల స్థానే 0.45 వాట్లుగా నిర్ణయించింది. ప్రజలు రుసుము చెల్లించి తమ ఇంటివద్ద కొలతలు తీయించుకునేందుకు 2017లో ‘తరంగ్ సంచార్’ పోర్టల్ వచ్చింది. కూలినాలి చేసుకునేవారికి ఆ రుసుమే భారం. టవరుకు అనుమతి పత్రం కోరే పంచాయతీలు కొలతల నివేదికను కూడా తెప్పించి కార్యాలయం గోడపై అతికిస్తే, భయపడాలో లేదో గ్రామస్థులే తేల్చుకోగలరు.