సోఫా కింది చక్రం

పిల్లల బొమ్మలు సర్దే ముచ్చట హైదరాబాద్ గడ్డిఅన్నారంలో హాలు నుంచే మొదలవుతుంది. రెండు బెడ్‌రూముల ఫ్లాటంటే సోఫా, టీవీ, కూలరు, ఇస్త్రీకి పెట్టిన బట్టలు అన్నీ హాల్లోనే. మిగిలిన నేలంతా పిల్లలది. పుట్టినరోజుకు నాలుగు బొమ్మలు, దిల్‌సుఖ్‌నగర్ బజారుకు పోయొచ్చినప్పుడల్లా ఒకటి, జాతర నుంచి తాత తెచ్చింది ఇంకొకటి. రెండేళ్లు తిరిగేసరికి సోఫా కిందికి చీపురు పోదు.

ఇక్కడ అట్టపెట్టెలకు ఎప్పుడూ కొదవలేదు. 1986 నుంచి 2021 దాకా పండ్ల మార్కెట్ ఇక్కడే ఉండేది, ఆ తర్వాతే బాటసింగారం పోయింది. ఎండాకాలం మామిడిపండ్లు తెచ్చిన పెట్టె, పండ్లు అయిపోగానే బొమ్మల పెట్టె అయిపోతుంది. పైసా ఖర్చు లేదు, పక్కన పట్టుకోవడానికి రంధ్రాలు కూడా ఉంటాయి. కాకపోతే దాని చిక్కంతా లోతుతోనే. అడుగున పడ్డ ఎర్ర లారీ కావాలంటే పిల్లవాడు ఏం చేస్తాడు? పెట్టె మొత్తం బోర్లిస్తాడు. లారీ దొరుకుతుంది, మిగతా నలభై బొమ్మలు నేల మీదే ఉంటాయి. దీన్ని అల్లరి అనడం అన్యాయం. కనబడని వస్తువును వెతకడానికి వాడికి తెలిసిన దారి అదొక్కటే. అందుకే జానెడు లోతుకు మించని ట్రేలు, మూతలేని డబ్బాలు మేలు. అట్టపెట్టెనే వాడాలంటే అంచును సగానికి కోసేస్తే సరి.

పెట్టే చోటు కూడా పిల్లల చెయ్యి అందేంత ఎత్తులోనే ఉండాలి. 1939లో మద్రాసు వచ్చి అక్కడ టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి బళ్లలో అల్మరాలు పొట్టిగా, తెరిచి ఉండేది ఇందుకే. పిల్లలే తీసుకోవాలి, పిల్లలే తిరిగి పెట్టాలి. షూ ర్యాకులో కింది రెండు అరలు ఖాళీ చేసిచ్చినా ఆ పని జరుగుతుంది. డబ్బా మీద ఏముందో అక్షరాల్లో రాస్తే మూడేళ్ల పాపకు అర్థం కాదు. అదే లారీ బొమ్మ గీసి అతికిస్తే లారీలన్నీ అందులోకే పోతాయి.

ఇక అసలు సంగతి, ఎన్ని బయట ఉంచాలన్నది. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది చిన్నపిల్లలను గమనించి 2018లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఎదురుగా 16 బొమ్మలున్నప్పటి కంటే నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. కాబట్టి ఉన్నవాటిని మూడు వాటాలు చేసి, ఒకటి కింద ఉంచి, రెండు సజ్జ మీదికి ఎక్కించడం మంచి పద్ధతి. రెండు వారాలకోసారి మార్చితే పాత బొమ్మే కొత్తదైపోతుంది. సజ్జ మీది డబ్బా మాత్రం ఒక్క చేత్తో దించేంత తేలికగా ఉండాలి. స్టూలు మీద నిలబడి బరువులు దించడం ప్రమాదం.

బొమ్మలు దాచే విద్య బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. పండగ అయిపోగానే ఒక్కో బొమ్మను పాత నూలు పంచె ముక్కలో చుట్టి, బరువైనవి అడుగున, తేలికవి పైన పెట్టి ట్రంకు పెట్టెలో సర్దుతారు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రది. తడి తగిలితే రంగు పోతుంది, అందుకే పొడిబట్టతోనే తుడవాలి. పురుగు రాకుండా ఎండు వేపాకు వేస్తే చాలు. పిల్లలు ఆడే బొమ్మల్లో కలరా ఉండలు అసలే వేయకూడదు, నోట్లో పెట్టుకుంటే విషమే. ట్రంకు పెట్టెను రోజువారీ బొమ్మలకు వాడడం కూడా వద్దు, బరువు మూత పిల్లల మెడ మీద పడొచ్చు.

మూడేళ్లలోపు పాప ఉన్న ఇంట్లో అన్నయ్య బొమ్మల చిన్న ముక్కలు మూత గట్టిగా పట్టే డబ్బాలో, పైఅరలో ఉండాలి. గుండీ బ్యాటరీ విషయంలో మరీ జాగ్రత్త. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఇంట్లోకే రాకూడదు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లకు వాన భయం వేరే. 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్ చెరువు పొంగినప్పుడు గడ్డిఅన్నారం చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. అలాంటిచోట నేల మీది అట్టపెట్టె ముందు నానుతుంది. వానాకాలం నాలుగు నెలలూ బొమ్మల డబ్బాను ఇటుకల మీదో బల్ల మీదో పెట్టుకోవాలి. నీళ్లలో నానిన దూది బొమ్మను ఎండబెట్టి దాచుకోవడం కంటే తీసేయడమే నయం, లోపల బూజు పోదు.

ఇన్ని డబ్బాలున్నా ఇంకో చిన్నది కావాలి, హార్లిక్స్ సీసా అంతది. ఊడ్చేటప్పుడు సోఫా కింద దొరికిన చక్రం, పజిల్‌లో తప్పిపోయిన ముక్క, బొమ్మ చెయ్యి అన్నీ అందులోకే. డబ్బాలు మార్చే ఆదివారం దాన్ని చాప మీద గుమ్మరిస్తే, పిల్లలే కూర్చుని ఏ చక్రం ఏ బండిదో చూసి బిగించుకుంటారు.