ఫార్మాట్ కొట్టక్కర్లేదు

"ఎస్‌ఎస్‌డీ వేసుకోండి సార్, కానీ పాత విండోస్ వద్దు. ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా ఎక్కిస్తా. లేకపోతే చెత్తంతా కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది." సిస్టమ్ స్లో అయిందని ఏ రిపేరు షాపుకి వెళ్లినా ఇదే సలహా. కాస్త కంప్యూటర్ తెలిసిన మేనల్లుడిని అడిగినా ఇదే చెప్తాడు. ఈ సలహా తప్పనీ, నమ్మినవాళ్లకి నష్టం చేస్తోందనీ నా వాదన. సక్రమంగా నడుస్తున్న విండోస్‌ని అదే కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్‌కి మార్చాలంటే ముందు చూడాల్సింది క్లోనింగ్, అంటే పాత డిస్క్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కొత్తదాంట్లోకి కాపీ చేయడం. ఫార్మాట్ మరో దారి లేనప్పటి మాట.

ముందు ఆ "చెత్త" సంగతి తేల్చుకుందాం. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకి 11 మిల్లీసెకన్లు. హెడ్ కావలసిన చోటికి జరగాలి, ఆ ముక్క దాని కిందికి తిరిగి రావాలి. ఇలా సెకనుకి వంద ముక్కలు ఏరుకోవడం కూడా దానికి కష్టమే. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేవేమో వేలకొద్దీ చిన్న ముక్కలు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు. మామూలు సాటా రకం కూడా సెకనుకి అలాంటివి వేలల్లో అందిస్తుంది. నత్తనడకకి మూలం ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఎస్‌ఎస్‌డీ వేసిన రోజే ఫార్మాట్ కూడా కొట్టించుకున్నవాళ్లు తేడా చూసి అదంతా ఫార్మాట్ మహిమ అనుకుంటారు. ఆ ఘనత చాలావరకు డ్రైవ్‌ది. ఆన్ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాములుంటే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి ఆపేయొచ్చు, వాడనివి తీసేయొచ్చు. బూజు దులపడానికి ఇల్లు పడగొట్టనక్కర్లేదు.

ఈ సలహాకి ఒకప్పుడు ఆధారం ఉండేది. ఎక్స్‌పీ కాలంలో పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. ఫ్లాష్ మెమరీ పేజీలకి అది సరిగ్గా పొసగేది కాదు. ఏ చోటు ఖాళీ అయిందో డ్రైవ్‌కి చెప్పే ట్రిమ్ కూడా ఎక్స్‌పీలో లేదు. విస్టా నుంచి పార్టిషన్ 1 ఎంబీ దగ్గర మొదలవుతోంది, 2009లో వచ్చిన విండోస్ 7తో ట్రిమ్ వచ్చింది. విండోస్ 10, 11 ఎస్‌ఎస్‌డీని వాటంతటవే గుర్తుపడతాయి. మదర్‌బోర్డు మారదు కాబట్టి యాక్టివేషన్ కూడా మామూలుగా చెక్కుచెదరదు. అయినా షాపుల్లో ఎక్స్‌పీ నాటి సలహాయే నడుస్తోంది.

దాని ఖరీదు కట్టేది షాపువాడు కాదు. ఏదైనా పాత డీటీపీ సెంటర్‌లో కాసేపు కూర్చుని చూడండి. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఆపరేటర్ వేళ్లకి అలవాటైన కీబోర్డ్ లేఅవుట్, ఏళ్ల తరబడి దాచిన పెళ్లికార్డుల, కరపత్రాల ఫైళ్లు. ఆ కాలపు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. అదే ఫాంట్ లేకుండా ఫైలు తెరిస్తే శుభలేఖ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దానికి కొత్త వెర్షనే లేదు. ఆ సీడీ ఎక్కడుందో, సీరియల్ నంబర్ ఏ డైరీలో రాసుకున్నారో పెళ్లిళ్ల సీజన్‌లో వెతుక్కోమనడం దారుణం. కిరాణా హోల్‌సేల్ షాపు సంగతీ అంతే. లెక్కలు రాసుకునే టాలీప్రైమ్ డేటా మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. "డీ డ్రైవ్‌లోవి ఎక్కడికీ పోవు సార్" అన్న భరోసా మీద సీ తుడిచేస్తే డెస్క్‌టాప్ మీద ఉన్నవాటితోపాటు లెక్కలూ పోతాయి. క్లోనింగ్ అలా కాదు. పాత డిస్క్‌ని చదువుతుందే తప్ప దాని మీద ఏమీ రాయదు. ఏదైనా తేడా వస్తే పాతది మళ్లీ బిగించుకుంటే సరి.

"క్లోన్ చేశాం, బూట్ అవలేదు" అనేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు దానికి కారణం సీ పార్టిషన్ ఒక్కటే కాపీ చేయడం. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో బూట్ ఫైళ్లు వేరే చిన్న పార్టిషన్‌లో, తరచుగా 100 ఎంబీ దాంట్లో ఉంటాయి. కాబట్టి డిస్క్ మొత్తం క్లోన్ చేయాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపాలి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ తీసి పక్కన పెట్టాలి; ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనిపిస్తే చిక్కొస్తుంది. తైవాన్‌లో తయారైన క్లోనింగ్ టూల్ క్లోన్‌జిల్లా ఉచితం. అది మామూలుగా కొత్త డ్రైవ్ పాతదానంత లేదా అంతకంటే పెద్దది కావాలంటుంది. పాత డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లుంటే మామూలు టూల్ మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు పాడైన డిస్క్‌లని కాపీ చేయడానికే ఉన్న డీడీరెస్క్యూ వాడాలి.

వైరస్ పట్టిన సిస్టమ్‌కి, సిస్టమ్ ఫైళ్లే పాడైపోయినదానికి ఫార్మాటే సరైంది. అక్కడ నాకు పేచీ లేదు.

షాపువాళ్ల ఇబ్బంది వేరే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ ఎక్కించడం త్వరగా అయిపోతుంది. క్లోనింగ్ మాత్రం పాత డిస్క్ నడకని బట్టే నడుస్తుంది. సెకనుకి 100 ఎంబీ చొప్పున చదివినా 200 జీబీకి అరగంట దాటుతుంది, ముసలి డిస్క్ అయితే గంటలు పడుతుంది. ఆ టైముకి డబ్బు అడగడం న్యాయమే, మనం ఇవ్వడమూ న్యాయమే. కానీ రెండు పనుల ధరలూ ముందే చెప్పాలి. ఫార్మాట్ తర్వాత ఏమేం మళ్లీ ఎక్కించుకోవాలో కస్టమర్‌ని కూర్చోబెట్టి అడగాలి. ఏ పని చేసినా పాత డిస్క్‌ని తుడవకుండా ఆయన చేతికే ఇవ్వాలి.