రొయ్యకు చేసే పరీక్ష మనిషికి చెయ్యరా?

భీమవరం, ఆకివీడు వైపు ఏ ఊరెళ్ళినా ఆక్వా ల్యాబ్ బోర్డు కనబడుతుంది. సీసాలో చెరువు నీళ్ళు పట్టుకెళ్ళి ఇస్తే ఒకటి రెండు రోజుల్లో విబ్రియో బాక్టీరియా కౌంటు చేతిలో పెడతారు. మా తమ్ముడు వనామీ రొయ్యలు వేస్తాడు. పదో తరగతితో చదువాపేసినవాడు, ఫోన్ చేసి "గ్రీన్ కాలనీలు ఎక్కువొచ్చాయక్కా, మేత తగ్గించేశాను" అంటాడు. వాడు చెప్పేది టీసీబీఎస్ మీడియం పోసిన ప్లేటు గురించి. రాజమండ్రిలో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో కలరా కోసం వాడేదీ అదే ప్లేటు.

వాడి ఊళ్ళోనే పదిమందికి వాంతులూ విరోచనాలూ పట్టుకుంటే మాత్రం ఏ ప్లేటూ ఉండదు. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు, నార్‌ఫ్లాక్ససిన్, టినిడజోల్ కలిపిన బిళ్ళలు ఇస్తాడు. కేసులు పెరిగాక మెడికల్ క్యాంపు పెడతారు. అక్కడా ముందు బిళ్ళలే పంచుతారు. శాంపిల్ సంగతి మూడోరోజుకి గుర్తొస్తుంది. అప్పటికి ట్యాంకులో బ్లీచింగ్ పడిపోయి ఉంటుంది, పేషెంటు కడుపులో యాంటీబయోటిక్ పడిపోయి ఉంటుంది. మా దగ్గర ప్లేటు మీద ఏమీ మొలవదు. 'నో గ్రోత్' అని రాసిస్తాం. ఆ కాగితం పట్టుకుని కలరా లేదు, నీళ్ళు బాగానే ఉన్నాయి అని ప్రకటన వస్తుంది. మేం రాసింది ఏమీ పెరగలేదని. ఏమీ లేదని కాదు.

విరోచనాలైన ప్రతి ఒక్కరికీ కల్చర్ చెయ్యమని నేననను. చాలావరకు వైరస్‌వే, ఓఆర్‌ఎస్‌తో తగ్గిపోతాయి. పిల్లలకైతే జింకు కలిపి ఇస్తే చాలు. ఒకే వీధిలో నలుగురు పడిపోయినప్పుడు, నెత్తురు పడుతున్నప్పుడు, బియ్యం కడుగులా పోతున్నప్పుడు శాంపిల్ తియ్యకపోవడమే నేరం. కలరా అని తేలితే తవ్వి చూడాల్సింది పైపులైను. సాల్మొనెల్లా అయితే వెతకాల్సింది పెళ్ళివంట. విబ్రియో పారాహీమోలిటికస్ అయితే చేపల మార్కెట్టు. 1950లో జపాన్‌లోని ఒసాకాలో చిన్నచేపలు తిన్నవాళ్ళు కుప్పకూలితే ఫుజినో అనే డాక్టరు పట్టుకున్న క్రిమి ఇది. దీని వేరే రకాలు రొయ్యల్ని కూడా చంపుతాయి కాబట్టి మన రైతులకు బాగా తెలుసు. ఇన్ని రొయ్యల చెరువులున్న జిల్లాల్లో మనుషుల మలంలో దాన్ని వెతికేవాళ్ళెంతమంది?

పని పెద్దదేం కాదు. శాంపిల్‌ని ఆల్కలైన్ పెప్టోన్ నీళ్ళలో ఆరేడు గంటలుంచి టీసీబీఎస్ మీద గీస్తాం. కలరా అయితే మర్నాటికి పసుపు రంగులో మెరిసే కాలనీలు వస్తాయి. రొయ్య రైతుకు ఆకుపచ్చ చూస్తే గుండె జారుతుంది, మాకు పసుపు చూస్తే. స్లైడు మీద డీఆక్సీకొలేట్ చుక్కలో ఆ కాలనీ కలిపి లూప్ పైకి లేపితే తీగపాకంలా సాగుతుంది. ఆ పైన యాంటీసీరం చుక్కతో గడ్డకడితే మాట ఖాయం. షిగెల్లా, సాల్మొనెల్లాలకు మీడియాలు వేరు, ఇంకో రెండు రోజులు పడుతుంది. ఏ మందుకు లొంగుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

మందుల మాటకొస్తే, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇద్దరు సోదరుల్ని స్ప్రూ అనే పేగుల జబ్బుకే పోగొట్టుకున్నారు. అమెరికాలో ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచే ఫోలిక్ యాసిడ్, 1948లో ఆరియోమైసిన్ వచ్చాయి. స్ప్రూకి ఇప్పటికీ ఇచ్చేవి ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ జాతికి చెందిన టెట్రాసైక్లిన్‌. యాంటీబయోటిక్ తయారు చేయించినాయన మనవాడే. అది దేనిమీద వేస్తున్నామో చూసుకోవడమే మనకింకా అబ్బలేదు.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చినప్పుడు ఎంతమంది పోయారన్న దానిమీదే రోజుల తరబడి వాదన నడిచింది. మా గోదావరి జిల్లాల్లో కాలువలు కట్టేసే వేసవిలో అడుగంటిన చెరువు నీళ్ళే తాగుతాం. జూన్‌లో వదిలే మొదటి నీళ్ళు ఊళ్ళ చెత్తంతా మోసుకొస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి.

శాంపిల్ ల్యాబ్‌కి పంపడానికి కారీ-బ్లెయిర్ ట్యూబు అని ఒకటుంటుంది. మెత్తటి అగర్ పోసిన చిన్న సీసా. మల శాంపిల్ స్వాబ్ అందులో గుచ్చితే ఐస్ పెట్టె లేకుండానే కాకినాడో ఏలూరో రాజమండ్రో చేరుతుంది. ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి పుష్కర ఘాట్ క్యాంపులో ఓ డజను పెట్టండి. మొదటి బిళ్ళకి ముందు స్వాబ్ తియ్యాలని ఏఎన్ఎమ్‌లకి, ఆర్‌ఎంపీలకి కూడా చెప్పండి. సెలైన్ మాత్రం దానికోసం ఆపక్కర్లేదు. ట్యూబు మీద ఊరు, వీధి, మందు వేసుకున్నారా లేదా, ఈ మూడూ రాయించండి. ఇప్పుడు మాకొచ్చే చాలా సీసాల మీద వయసు, ఆడా మగా తప్ప ఇంకేం ఉండదు.